పట్టభద్రురాలికి పుట్టిల్లు ఏది?

సీమలోని ఒక విశ్వవిద్యాలయంలో నేను చదివిన శాఖవాళ్లు కొన్నేళ్ల కిందట పూర్వ విద్యార్థుల సమ్మేళనం తలపెట్టారు. పాత ప్రవేశాల రిజిస్టర్లు, హాజరు పట్టీలు ముందేసుకుని పాత బ్యాచ్‌లవాళ్లని వెతికే పని మొదలైంది. మగవాళ్ల పేర్లు ఒక పెద్దాయన తీసుకున్నారు. ఆడవాళ్ల పేర్లు నాకిచ్చారు. "ఆడవాళ్ల ఇళ్లకి మేం ఫోన్లు చేస్తే బాగుండదమ్మా, నువ్వయితే మాట్లాడగలవు" అన్నారు. ఆ మాటలో మర్యాదే ఉందనుకుని ఒప్పుకున్నాను.

ఆయన పని రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది. రిజిస్టర్లో ఉన్న ఇంటిపేరుతో, ఊరిపేరుతో అడిగితే మగమనిషి దొరుకుతాడు. ఆ ఊళ్లో లేకపోయినా ఎక్కడున్నాడో చెప్పేవాళ్లు ఉంటారు. నా పని నాలుగు నెలలు సాగింది, అయినా పూర్తికాలేదు. నా చేతిలో ఉన్నవి తండ్రుల ఇంటిపేర్లు, తండ్రుల ఊళ్లు. ఆ ఊళ్లలో ఆ పేరుగల మనిషి లేదు. ఆమె వేరే ఊళ్లో, వేరే ఇంటిపేరుతో ఉంది. కొందరికి పెళ్లయ్యాక అసలు పేరే మార్చారు. తండ్రి పోయి, అన్నదమ్ములు ఊరు విడిచి వెళ్లిపోయి ఉంటే ఇక దారం తెగినట్టే. ఒక చోట ఆమె వదినగారు ఫోనెత్తి, "ఆయమ్మ చదువుకునిందా?" అని నన్నే అడిగింది.

ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఒక సంస్థ మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది. నన్ను ఆలోచింపజేసింది వేరే విషయం. చదువుకున్న చోటికి తిరిగిరావడం అన్న ఆచారం ఎక్కణ్నుంచి వచ్చింది? దాన్ని ఎవరి రాకని దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు? అనంతపురం లాంటి కరువు నేల మీద ఒక ఆడపిల్ల విశ్వవిద్యాలయానికి వెళ్లడం, అక్కణ్నుంచి వెళ్లిపోవడం, మళ్లీ రావడం, ఈ మూడూ మగపిల్లవాడికి జరిగినట్టే జరిగాయా?

ముందు మాట దగ్గరే ఆగుదాం. విశ్వవిద్యాలయాలు పట్టాలిచ్చే రోజుని మనం స్నాతకోత్సవం అంటున్నాం. స్నాతకుడంటే గురువు దగ్గర చదువు ముగించి ఆ ముగింపుకి గుర్తుగా స్నానం చేసినవాడు. ఆ సంస్కారం పేరు సమావర్తనం. సమావర్తనమంటే తిరిగి రావడం, గురువు ఇంటి నుంచి సొంత ఇంటికి రావడం. చదువుకి సంబంధించి మన సంప్రదాయంలో ఉన్న ఇంటిరాక పండగ ఇదే. దీని ఆనవాలు కొన్ని కులాల పెళ్లిళ్లలో ఇప్పటికీ ఉంది. పెళ్లికి ముందు పెళ్లికొడుక్కి స్నాతకం చేస్తారు. తర్వాత అతను గొడుగు, కర్ర పట్టుకుని కాశీకి బయల్దేరతాడు. పిల్లవైపువాళ్లు ఎదురెళ్లి ఆపి, మా పిల్లనిస్తామని బతిమాలి వెనక్కి తెస్తారు. పెళ్లికూతురికి మాత్రం గౌరీపూజ. ఇద్దరూ ఒకే విశ్వవిద్యాలయంలో ఒకే ఎం.ఎస్సీ. చదివి వచ్చినా సరే, చదువు ముగిసిన స్నానం అతనికే.

ఎందుకు అన్నదానికి మనుస్మృతి రెండో అధ్యాయంలో జవాబు ఉంది. స్త్రీకి పెళ్లే ఉపనయనమనీ, భర్త సేవే గురుకులవాసమనీ, ఇంటిపనే అగ్నికార్యమనీ అక్కడ తేల్చేశారు. నేను చాలాసార్లు చదివిన చోటే అయినా, పేర్ల జాబితా చేతిలో పట్టుకుని చదివినప్పుడు కొత్త అర్థం కనపడింది. మగవాడి గురుకులానికి ఒక గడువుంది, ఆ చివర సమావర్తనం ఉంది. ఆమె గురుకులానికి గడువు లేదు. అక్కణ్నుంచి తిరిగొచ్చే తంతు శాస్త్రకారులకు అవసరమనిపించలేదు. మన విశ్వవిద్యాలయాలు తమ అతి పెద్ద పండక్కి పేరు వెతుక్కుంటూ వెళ్లి ఆ సంస్కారం నుంచే తెచ్చుకున్నాయి. ఆ పేరున్న వేదిక మీద ఇప్పుడు బంగారు పతకాలకు ఆడపిల్లలు వరసకట్టి నిలబడుతున్నారు. మాట పాతదే, మనుషులు మారారు. అది మంచిదే. కానీ మాట వెనకున్న అలవాట్లు అంత తొందరగా మారవు.

పాత విద్యార్థుల్ని ఏటా ఒక రోజు వెనక్కి పిలిచే పద్ధతి ఇప్పటి రూపంలో అమెరికా నుంచి వచ్చింది. బేలర్ విశ్వవిద్యాలయం 1909లో, ఇల్లినాయ్ 1910లో, మిస్సోరి 1911లో ఇలాంటి ఉత్సవాలు జరిపాయి. ఎవరు మొదటివాళ్లన్నది వాళ్లు ఇప్పటికీ తేల్చుకోలేదు. మిస్సోరిలో పక్క రాష్ట్రం కాన్సాస్‌తో ఫుట్‌బాల్ ఆట పెట్టుకుని, 'ఇంటికి రండి' అని పాతవాళ్లని పిలిచారు. ఆట, ఊరేగింపు, చందాలు, ఆ తర్వాతి కాలంలో అందాల రాణి కిరీటం. ఆడేవాడు మగవాడు, కిరీటం ఆడపిల్లకి.

అయితే అదే అమెరికాలో చదువుకున్న స్త్రీలు అంతకు చాలా ముందే మళ్లీ కలుసుకోవడం మొదలుపెట్టారు. ఆ కలయిక తీరు వేరు. 1881లో బోస్టన్‌లో 17 మంది పట్టభద్రురాళ్లు ఒకచోట కూర్చున్నారు. వాళ్లలో ఎలెన్ స్వాలో రిచర్డ్స్, మారియన్ టాల్బట్ ఉన్నారు. పట్టాలు చేతికొచ్చాయి, వాటితో ఏం చేయాలో లోకం చెప్పలేదు. ఆ సమస్య మీద వాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. అప్పటికి ఎడ్వర్డ్ క్లార్క్ అనే వైద్యుడు 1873లో రాసిన పుస్తకం బాగా ప్రచారంలో ఉంది. పై చదువులు ఆడవాళ్ల ఒంట్లో శక్తిని హరిస్తాయనీ, గర్భాశయాన్ని దెబ్బతీస్తాయనీ ఆయన వాదన. ఈ సంఘంవాళ్లు కళాశాలల్లో చదివిన స్త్రీలకు ప్రశ్నపత్రాలు పంపి, ఏడువందల మందికి పైగా ఇచ్చిన జవాబులతో 1885లో ఒక నివేదిక అచ్చువేశారు. చదువు వల్ల వాళ్ల ఆరోగ్యం చెడలేదని లెక్కలతో చూపించారు. పూర్వ విద్యార్థినులు కలిసి చేసిన మొదటి పెద్ద పనుల్లో అదొకటి. తమ బతుకుల్ని తామే వాకబు చేసుకున్నారు. ఈ రెండు నమూనాల్లో మనకి చేరింది మొదటిదే. రెండోది పూర్తిగా రాలేదు.

ఇక మన నేలకి వద్దాం. అనంతపురం కథలో ఒక విశేషముంది. ఇక్కడ విద్యార్థులు విశ్వవిద్యాలయానికి తిరిగి రావడానికి ముందు, విశ్వవిద్యాలయమే ఇంటికి రావలసి వచ్చింది. అందుకు చాలా కాలం పట్టింది.

1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పిన ప్రాంతం కాబట్టి దీన్ని దత్తమండలం అన్నారు. 1882లో బళ్లారి నుంచి విడదీసి అనంతపురాన్ని జిల్లా చేశారు. 1916లో ఇక్కడ దత్తమండలాల కళాశాల పెట్టారు. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. అప్పటి పట్టా మద్రాసు విశ్వవిద్యాలయానిది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు సీమ కళాశాలల్ని దాని కిందికి తెచ్చారు. ఇక్కడివాళ్లు ఇష్టపడకపోవడంతో 1929లో మళ్లీ మద్రాసుకే ఇచ్చేశారు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయం మాట కూడా ఉంది. వాల్తేరులో ఒకటి, అనంతపురంలో ఒకటి విశ్వవిద్యాలయ కేంద్రాలు పెంచాలన్నారు. రాజధాని, హైకోర్టు, నీళ్ల గురించి ఆ ఒడంబడికని అందరూ తలుచుకుంటారు. చదువు గురించిన షరతు పెద్దగా ఎవరికీ గుర్తుండదు.

ఆ మాట నెరవేరే దారి వంకర్లు తిరిగింది. 1946లో మంజూరైన ఇంజనీరింగు కళాశాల మద్రాసు గిండీలో మొదలై 1948లో అనంతపురం చేరింది. తర్వాత అది జె.ఎన్.టి.యు.లో కలిసి, 2008లో సొంతంగా విశ్వవిద్యాలయమైంది. 1954లో సీమకి విశ్వవిద్యాలయం వచ్చింది కానీ తిరుపతికి. 1968లో ఆ శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం అనంతపురంలో ఒక పీజీ కేంద్రం తెరిచింది. 1976లో దానికి స్వయంప్రతిపత్తి ఇచ్చారు. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల అవతల, చెన్నై వెళ్లే రోడ్డు పక్కన, ఇటికలపల్లి దగ్గరి ఎర్రనేలలో ఆ ఆవరణ వెలిసింది. 1937 నుంచి లెక్కపెడితే 44 ఏళ్లు. సత్యసాయి సంస్థవాళ్లు అనంతపురంలో మహిళా కళాశాల మొదలుపెట్టింది కూడా 1968లోనే. ఒకే ఏడాది రెండు తలుపులు తెరుచుకున్నాయి.

ఈ తేదీలు మగపిల్లలకీ ముఖ్యమే. కానీ వాళ్లకి అంతకుముందు కూడా దారుంది. రైలెక్కి మద్రాసో, వాల్తేరో, తిరుపతో వెళ్లి హాస్టల్లో ఉండి చదివొచ్చేవాళ్లు. ఇక్కడి ఆడపిల్లకి ఎం.ఏ. అనేది దాదాపు దూరాన్ని బట్టి తేలే సంగతి. నేను మాట్లాడిన ఆ తరం స్త్రీలు చాలామంది ఒకే మాట చెప్పారు: "సాయంత్రానికి ఇల్లు చేరేటట్లయితే చదువుకో అన్నారు." అంటే తిరిగిరావడం అనేది ఆమె విషయంలో చదువయ్యాక పాతికేళ్లకి జరిగే పండగ కాదు, రోజూ దీపాలు పెట్టే వేళకి నెరవేర్చాల్సిన షరతు. ఇంటికి వస్తానంటేనే వెళ్లనిచ్చారు. హాస్టల్లో ఉన్నవాళ్లకి ఆ షరతే గేటు దగ్గర తాళంగా మారింది. 2015లో ఢిల్లీ విద్యార్థినులు పింజ్రా తోడ్ అని ఉద్యమించింది ఈ తాళం మీదే. అక్కడ అది వార్త అయింది. మా హాస్టళ్లలో అది ఎప్పటి నుంచో నిబంధన.

కరువు ఇంకో షరతు. ఈ జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్ జైసల్మేరు తర్వాత దేశంలో ఇంత తక్కువ వాన ఇక్కడేనని చెబుతారు. వేరుశనగే ఆధారం. అదునులో వాన పడకపోతే విత్తనం కోసం తెచ్చిన అప్పు నిలిచిపోతుంది. మనుషులు బెంగళూరుకో కేరళకో పనులకి పోతారు. అలాంటి ఏడాది ఇంట్లో ఇద్దరు చదువుతుంటే ఎవరి చదువు ఆగుతుందో చెప్పనక్కర్లేదు. చదువు ఆగిన ఆడపిల్లకి వెంటనే పెళ్లి. పెళ్లి ఖర్చే కదా అనుకుంటాం. కానీ ఒక మనిషి తిండి, ఫీజు తగ్గుతాయన్న లెక్క కూడా అందులో ఉంటుంది.

నా జాబితాలో ఇలాంటి ఒకామె ఉంది. ఎం.ఏ. మొదటి ఏడాది హాజరు పట్టీలో పేరుంది, రెండో ఏడాది పట్టీలో లేదు. ఆమె ఊళ్లో కిరాణా అంగడి నంబరు పట్టుకుని, అక్కణ్నుంచి మేనత్త కొడుకు, అతని నుంచి ఆమె కూతురు, అలా మూడు వారాలకి దొరికింది. ధర్మవరం దగ్గర ఉంటోంది. ఇంట్లో మగ్గాలున్నాయి. నేను ఎందుకు ఫోన్ చేశానో చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది:

"నన్ను పిలిచేది ఎట్లా పాపా? నేను పరీక్ష రాయలేదు గదా. ఆ ఏడు వాన లేదు. మా నాయన తమ్ముణ్ని చదివించాల్నా, నన్ను చదివించాల్నా అని ఆలోచన చేసి నాకు పెండ్లి చేసినాడు. పట్టా లేనిదాన్ని. నేను కూడా మీ లెక్కలోకి వస్తానా?"

నేను వస్తావనే చెప్పాను. కమిటీలో అడిగితే ఒప్పుకోలేదు. "డిగ్రీ తీసుకోనివాళ్లని కూడా పూర్వ విద్యార్థులంటే దానికి అంతేముంది?" అన్నారు. మాట కరుగ్గా అనలేదు, నియమం చెప్పారంతే.

ఆ రోజు నాకు నీలం సంజీవరెడ్డి గుర్తొచ్చారు. అనంతపురం జిల్లా ఇల్లూరులో 1913లో పుట్టిన ఆయన ఇక్కడి ఆర్ట్స్ కళాశాలలో చదివారు. 1929లో గాంధీ అనంతపురం వచ్చి వెళ్లాక జాతీయోద్యమం వైపు మళ్లి, 1931లో చదువు మానేశారు. ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. 1977 నుంచి 1982 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. ఆ కళాశాల గొప్పతనం చెప్పేటప్పుడు ఆయన పేరు చెప్పనివాళ్లు ఉండరు. ఆయన పట్టా గురించి ఎవరూ అడగరు, అడగాల్సిన పని కూడా లేదు. దేశం కోసం చదువు మానుకోవడం త్యాగమే. నా ప్రశ్నల్లా ఒకటే. తమ్ముడి చదువు కోసం తన చదువు మానుకోవాల్సి వచ్చిన ఆడపిల్లది ఏం మానడం? మొదటిదానికి చరిత్రలో చోటుంది. రెండోదానికి రిజిస్టర్లో ఎర్రసిరా గీత ఉంది. ఇద్దరూ పట్టా లేకుండానే వెళ్లారు. ఒకరిని కళాశాల తనవాడని చెప్పుకుంది, ఇంకొకరిని నియమం పక్కన పెట్టింది.

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన అందులో పోగుచేసింది. పోరాటం ముగిశాక చాలామందిని మళ్లీ ఇళ్లకి వెళ్లి సర్దుకోమన్న సంగతి ఆ పుస్తకం మన ముందుంచింది. విశ్వవిద్యాలయం పోరాటం కాదు, నిజమే. కానీ స్త్రీని ఇంటికి పంపడానికి ఉన్నంత తేలికైన దారి, ఆమెని ఇంట్లోంచి మళ్లీ పిలవడానికి లేదన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

మన దగ్గర ఈ సమ్మేళనాలు ఎలా పెరిగాయో చూస్తే ఇంకొన్ని సంగతులు కనపడతాయి. మొదట్లో ఉన్నవి వీడ్కోలు సభ, గ్రూపు ఫోటో, ఆటోగ్రాఫు పుస్తకం. వాటిలో తిరిగిరావడం ఒక వాగ్దానమే, ఏర్పాటు లేదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలయ్యాక ఊరి సంగతులకి చోటు దొరికింది. 'పాతికేళ్ల తర్వాత కలిశారు' అన్న శీర్షిక, కింద గురువులకి శాలువాలు కప్పుతున్న ఫోటో, ఇవి క్రమంగా మనకి అలవాటైపోయాయి. 2009 తర్వాత వాట్సాప్ వచ్చి, ఒక బ్యాచ్‌ని వెతకడానికి పట్టే నెలల్ని రోజులు చేసింది. కానీ ఆ గ్రూపులో చేర్చాలంటే నంబరు కావాలి. సొంత ఫోను లేని ఆమెని, భర్త ఫోనుతోనే మాట్లాడే ఆమెని ఎవరు చేరుస్తారు? చేరిన కొందరు రెండు రోజులకే బయటికి వెళ్లిపోవడం నేను చూశాను. కారణం ఒకామె చెప్పింది. రాత్రి పదింటికి మగవాళ్ల పేరుతో శుభరాత్రి సందేశాలొస్తే ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సింది ఆమే.

ఇంకో మార్పు న్యాక్ వల్ల వచ్చింది. 1994లో ఏర్పడిన ఈ సంస్థ కళాశాలలకి, విశ్వవిద్యాలయాలకి గ్రేడ్లు ఇస్తూ వచ్చింది. 2017లో మార్చిన దాని పద్ధతిలో పూర్వ విద్యార్థుల సంఘం ఉందా, అది రిజిస్టరయిందా, ఎన్ని లక్షలు ఇచ్చింది అన్నవి కూడా మార్కుల లెక్కలోకి వచ్చాయి. దాంతో అంతదాకా నిద్రపోతున్న సంఘాలు చాలా చోట్ల లేచి కూర్చున్నాయి. తిరిగిరావడం ప్రేమ సంగతి కాస్తా లక్షల సంగతి అయింది. ఈ లెక్కలో స్త్రీలు ఎక్కడుంటారు? సంపాదన ఉన్నా దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చే అధికారం లేనివాళ్లు, సంపాదనే లేనివాళ్లు చందా పుస్తకంలో కనపడరు. చందా పుస్తకంలో లేనివాళ్లు వేదిక మీద కూడా కనపడరు. గది కట్టించినవాడి పేరు గోడమీద పాలరాతిలో ఉంటుంది. ఆ శాఖలో పాతికేళ్లు పాఠం చెప్పి, వందల మంది పల్లెటూరి పిల్లల్ని చదువులో నిలబెట్టిన అధ్యాపకురాలి పేరు ఏ గోడ మీద ఉంది?

అసలు విశ్వవిద్యాలయం అనే చోటుని ఎన్నడూ చూడని పట్టభద్రురాళ్లు కూడా ఉన్నారు. అనుబంధ కళాశాలల్లో చదివినవాళ్లకి విశ్వవిద్యాలయం అంటే సర్టిఫికెట్ మీద ఒక ముద్ర. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో ఉంది. ఇలాంటి వాటి నుంచి, దూరవిద్యా కేంద్రాల నుంచి ఎందరో గృహిణులు, అంగన్‌వాడీ కార్యకర్తలు వంటింట్లో చదివి పట్టా తెచ్చుకున్నారు. స్నాతకోత్సవానికి వెళ్లలేక పట్టాని పోస్టులో తెప్పించుకున్నారు. వాళ్లు తిరిగిరావడానికి చెట్టు లేదు, క్యాంటీను లేదు, హాస్టలు గది లేదు. వాళ్ల తరగతి గది వాళ్ల వంటిల్లే. ఈ పండగలో వాళ్లకి చోటు ఎక్కడ?

సమ్మేళనం రోజున మామూలుగా జరిగేవే జరిగాయి. గుమ్మం దగ్గర పన్నీరు చల్లి, బొట్టుపెట్టి, పువ్వు ఇవ్వడానికి ఆడవాళ్లని నిలబెట్టారు. వాళ్లలో ఒకామె జిల్లా స్థాయి అధికారి. ప్రార్థన కూడా ఆడవాళ్లదే. పరిచయాల సమయంలో మగవాళ్లు ఉద్యోగం చెప్పుకున్నారు. ఆడవాళ్లలో చాలామంది భర్త ఉద్యోగం, పిల్లల చదువులు చెప్పి కూర్చున్నారు. వాళ్లని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఎప్పుడూ వాళ్లని అడిగే ప్రశ్న అదే కాబట్టి అడగకముందే ఆ జవాబు వచ్చేసింది. హాస్టల్ మెస్సులో మాకు వండిపెట్టిన ఇద్దరు స్త్రీలు వెనక వరసలో నిలబడి చూశారు. కుర్చీ వేయాలని ఎవరికీ తోచలేదు. నాకు కూడా ఆలస్యంగానే తోచింది. ఆ సంగతి రాసుకోకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది.

మాట్లాడిన ప్రతి స్త్రీ ఒక మాట అంది: "పుట్టింటికి వచ్చినట్టుంది." కళ్లనీళ్లు పెట్టుకుని అన్నారు. ఆ మాటకి నాకూ గొంతు పట్టుకుంది. కానీ ఇంటికొచ్చాక ఆ పోలిక నన్ను వదల్లేదు. పుట్టింటికి ఆడబిడ్డ ఎలా వస్తుంది? ఉగాదికో, కదిరి తేరుకో పిలిస్తే వస్తుంది. ఒడిబియ్యం పోసి, చీర పెట్టి పంపిస్తారు. ఎప్పుడు వెళ్తావని మొదటి రోజే అడుగుతారు. కరువు ఏడాది పిలుపే ఉండదు. అంటే పుట్టింటి రాకలో వెళ్లిపోవడం ముందే కలిసి ఉంది. మర్యాద ఉంది, హక్కు లేదు. ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. దేశమంతటికీ ఆ సవరణ 2005లో వచ్చింది. గొప్ప చట్టమే. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లని మన రాష్ట్ర చట్టం బయట పెట్టింది. పెళ్లయిపోయింది కాబట్టి నువ్వు ఈ లెక్కలోకి రావు. ధర్మవరం ఆమెకి కమిటీ చెప్పిన జవాబు కూడా అంతకన్నా వేరు కాదు.

విశ్వవిద్యాలయం మనకి పుట్టిల్లు కాకూడదని ఇప్పుడు అనిపిస్తోంది. పుట్టిల్లు పిలిస్తే వెళ్లే చోటు. విశ్వవిద్యాలయం పిలవకపోయినా వెళ్లగలిగే చోటు కావాలి. గ్రంథాలయంలో కూర్చునే హక్కు, ఆగిపోయిన చదువుని ఏ వయసులోనైనా మళ్లీ మొదలుపెట్టే వీలు, మన పేరు మనం చెప్పినట్టుగా రాసే రిజిస్టరు, ఇవి శాలువాల కంటే ముందు అడగాల్సినవి. బోస్టన్‌లో కలిసిన ఆ 17 మంది జ్ఞాపకాలు పంచుకోవడంతో ఆగలేదు. తమలాంటివాళ్లు ఏమయ్యారో వాకబు చేశారు. ఈ పీఠభూమి మీద 1968 నుంచి చదువుకి బయల్దేరిన ఆడపిల్లలు ఏమయ్యారో వాకబు చేయాల్సింది కూడా మనమే.

ధర్మవరం ఆమె పేరు ఆహ్వాన జాబితాలో చేరలేదు. నేనే ఫోన్ చేసి రమ్మన్నాను, వచ్చింది. వేదిక వైపు వెళ్లలేదు. మొదటి ఏడాది కూర్చున్న గదిలోకి వెళ్లి, కిటికీ పక్క బెంచీ మీద కాసేపు కూర్చుంది. వెళ్లేటప్పుడు, ఇప్పుడు రెండో ఏడాది పరీక్ష కట్టాలంటే ఎవరిని అడగాల అంది. కనుక్కుని చెబుతానన్నాను. అంత పాత చదువుని ఏ నిబంధన ఒప్పుకుంటుందో ఇంకా వెతుకుతూనే ఉన్నాను. కొత్తగా చేరే దారి కూడా ఆమెకి చెప్పాను. కూతురితో మాట్లాడతానంది.

ఆ నాలుగు నెలల్లో నేను రాసుకున్న నోట్‌బుక్ ఒకటి ఉంది. అందులో పట్టా తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లు అని వేర్వేరు పేజీలు లేవు. ప్రతి పేరు దగ్గరా తండ్రి ఇంటిపేరు, అత్తింటి పేరు, ఆమె తనని ఎలా పిలవమందో ఆ పేరు, చదువు ఆగితే ఏ ఏడాది ఎందుకు ఆగింది అన్నవి ఉన్నాయి. పని పెద్దది, ఒక్కదాన్ని చేయలేను. ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక కళాశాలలో పాఠాలు చెబుతున్నవాళ్లే. మీ శాఖలో పాత హాజరు పట్టీలు ఇంకా చెదలకి దక్కకుండా ఉంటే తెరిచి చూడండి. మొదటి ఏడాది ఉండి రెండో ఏడాదికి లేని పేర్ల దగ్గర మొదలుపెట్టండి.